పాత ఆర్‌ఎక్స్ 100 ట్యాంకు రంగు మీద పెట్రోలు మరకలు పోగొట్టడం ఎలా?

అడిగినవారు: పాతబండి (కావలి)

మిత్రులకు నమస్కారం. మా ఇంట్లో నాన్నగారి కాలం నాటి యమహా ఆర్‌ఎక్స్ 100 ఉన్నది. కొన్నేళ్ల కిందట ఇంజను పని చేయించినప్పుడే ట్యాంకుకు, పక్క డొప్పలకు ముదురు ఎరుపు రంగు కూడా వేయించాము. ఆ రంగు చెడిపోకూడదని దాని మీద రెక్సిన్ కవరు కుట్టించి తొడిగాము. ఈ మధ్య కవరు చిరిగిపోయి తీసివేయగా, మూత చుట్టూ ఒక వలయంలాగా, అక్కడి నుండి ఎడమ వైపుకు జారిన చారలుగా మరకలు కనిపించాయి. కొన్ని చోట్ల అవి పసుపు కలిసిన గోధుమ రంగులో ఉన్నాయి. మరికొన్ని చోట్ల రంగు పోలేదు కానీ మెరుపు పోయి తెల్లగా మబ్బు పట్టినట్లున్నది. కవరు కింద నురుగు స్పాంజి ఆనుకొని ఉండిన భాగంలో మరక ఇంకా పెద్దదిగా, గోధుమ రంగులో ఉన్నది.

సబ్బు నీళ్లతో కడిగితే దుమ్ము పోయింది కానీ మరకలలో పెద్ద మార్పు రాలేదు. మెకానిక్ థిన్నర్‌తో తుడవమంటున్నాడు, పక్కింటివారు పళ్ల పేస్టుతో రుద్దమంటున్నారు, ఈ రెండింటిలో దేనినీ నమ్మి చేయి పెట్టడానికి నాకు ధైర్యం చాలడం లేదు. రంగు వేసిన షెడ్డు ఇప్పుడు లేదు కాబట్టి అది ఏ రకం రంగో అడిగి తెలుసుకొనే వీలు కూడా లేదు. బంకులో చిల్లర సరిపెట్టడానికి మూతి అంచు దాకా పోయించుకొనే అలవాటు మా ఇంట్లో అందరికీ ఉన్నది, మరకలకు అదే మూలమని నా అనుమానం.

మళ్లీ రంగు వేయించడం చివరి మార్గంగా ఉంచుకోదలచాను. ఉన్న రంగును కాపాడుకుంటూ మరకలు తీసే పద్ధతి, నెల్లూరులోగాని ఒంగోలులోగాని దొరికే సామగ్రి, తిరిగి మరకలు రాకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు తెలిసినవారు చెప్పగలరు.

సింగరాయకొండ సవారీ:

పాతబండి గారూ, మీరు థిన్నర్ జోలికి పోకపోవడం మంచిదయింది. నా బండికి నేను చేసే పద్ధతి చెబుతాను.

ముందు బండిని నీడలో పెట్టి ట్యాంకు పూర్తిగా చల్లబడే దాకా ఆగండి. మన వైపు వేసవి ఎండలో నిలిపిన బండి ట్యాంకు మీద చేయి కూడా పెట్టలేము, అంత వేడి మీద ఏ ద్రవం పూసినా తుడిచే లోపల ఆరిపోయి కొత్త మరకగా మిగులుతుంది. తర్వాత కారు షాంపూ కలిపిన నీళ్లతో మెత్తని గుడ్డ పెట్టి కడిగి, ఆరబెట్టండి. అప్పటికీ పసుపు చార మిగిలితే మెడికల్ షాపులో గాని ఎలక్ట్రానిక్ సామాను అమ్మే చోట గాని దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను సమానంగా నీళ్లు కలిపి, గుడ్డకు తడి చేసి, మరక మీద కొన్ని క్షణాలు అద్ది, వెంటనే పొడి గుడ్డతో తుడిచేయాలి. చాలా చారలు ఇంతటితోనే పోతాయి. అవి రంగులోకి ఇంకిన మరకలు కావు, పెట్రోలు ఆవిరై పోయాక అడుగున మిగిలిన జిగురు, దాని మీద అంటిన దుమ్ము.

మబ్బు పట్టిన భాగానికి మాత్రం సన్నని రబ్బింగ్ కాంపౌండ్, అంటే గరుకు పొడి కలిసిన ముద్ద, వాడాలి. మైక్రోఫైబర్ గుడ్డ మీద బఠాణీ గింజంత తీసుకొని, గట్టిగా అదమకుండా గుండ్రంగా రుద్ది, తర్వాత పాలిష్, చివరకు మైనం. పెట్రోలు మరకకు పెట్రోలే విరుగుడని పాతవారు గుడ్డకు కొంచెం పెట్రోలు తడిపి తుడిచేవారు. నేనూ అలా చేశాను, చెడ్డగా ఏమీ కాలేదు.

రంగులషెడ్డు (నెల్లూరు):

పైన చెప్పిన క్రమం చాలావరకు సరైనదే. అయితే ఆ పద్ధతి కంపెనీ రంగు ఉన్న బండికి సరిపోయినంతగా, బయట రంగు వేయించిన బండికి సరిపోతుందని చెప్పలేము. పాతబండి గారి ట్యాంకుకు పడిన రంగు ఏదో తెలియకుండా ఆల్కహాల్ గాని, కాంపౌండ్ గాని పెట్టమని నేను చెప్పను.

ఇరవై ముప్పై ఏళ్ల కిందటి దాకా మన చిన్న ఊళ్ల షెడ్లలో ఎక్కువగా వాడినది ఎన్‌సీ రంగు, దానినే పాత మేస్త్రీలు డ్యూకో అంటారు. అది నైట్రోసెల్యులోజ్‌ను థిన్నర్‌లో కరిగించి తయారు చేసినది, థిన్నర్ ఆవిరైపోగానే ఆరుతుంది. ఆరడం అంటే అందులో రసాయన మార్పు ఏదీ జరగదు, కాబట్టి ఎన్నేళ్లు గడిచినా మళ్లీ థిన్నర్ తగిలితే కరిగిపోతుంది, పెట్రోలు పదే పదే తగిలితే మెత్తబడి మెరుపు పోగొట్టుకుంటుంది. రెండో రకం 2కే, అంటే హార్డనర్ కలిపి కొట్టే పీయూ (పాలీయురేథేన్) రంగు. హార్డనర్ రంగుతో కలిసి గట్టిపడుతుంది, ఒకసారి పూర్తిగా గట్టిపడ్డాక పెట్రోలు చుక్కలు పడితే తుడిస్తే పోతాయి. స్ప్రే డబ్బాలలో వచ్చే మామూలు రంగు మొదటి రకానికి చేరువ, అది పెట్రోలుకు అసలే నిలవదు. ఏ డబ్బా మీదైనా 2కే అని, హార్డనర్ బుడ్డి లోపలే ఉన్నదని రాసి ఉంటే తప్ప దాన్ని ట్యాంకుకు కొట్టవద్దు.

తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉన్నది. సీటు తీసి, ట్యాంకు వెనుక అంచున సీటు కప్పే భాగంలో, ఎవరికీ కనిపించని చోట తెల్లని దూదికి ఎన్‌సీ థిన్నర్ రెండు చుక్కలు తడిపి ఒక్క క్షణం అద్దండి. దూదికి ఎర్ర రంగు దండిగా అంటి, అద్దిన చోటు జిగటగా మారితే అది ఎన్‌సీ. ఏమీ అంటకపోతే పైన గట్టిపడిన క్లియర్ పొర, అంటే రంగు మీద కొట్టే పారదర్శకమైన 2కే పూత, ఉన్నట్లు. ఈ పరీక్షకు తప్ప థిన్నర్‌ను మరకల మీదికి తేవద్దు. మీ మెకానిక్ చెప్పిన పని చేసిన తర్వాత నా దగ్గరకు వచ్చిన ట్యాంకులు చాలా చూశాను, వాటిలో తుడిచి బాగుచేయగలిగినది ఒక్కటి కూడా లేదు.

పెట్రోలుతో తుడిచే పద్ధతి మీద నాకు రెండు అభ్యంతరాలు ఉన్నాయి. ఒకటి, నిప్పు. ట్యాంకులో పెట్రోలు, చేతిలో పెట్రోలు గుడ్డ, పక్కనే వేడెక్కిన సైలెన్సరు, దీనికి వేరే వివరణ అవసరం లేదు. రెండోది, పెట్రోలు నూనె జిడ్డును కరిగిస్తుంది కానీ ఎండకు గట్టిపడ్డ జిగురును పూర్తిగా కరిగించదు. పైగా ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలిసి ఉంటున్నది. పాత పెట్రోలుకు నిలిచిన ఎన్‌సీ రంగు మీద ఇథనాల్ ఇంకా తొందరగా పని చేస్తుంది. జిడ్డు తీయడానికే అయితే రంగుల దుకాణంలో దొరికే మినరల్ టర్పెంటైన్ నిదానంగా ఆరుతుంది, రంగును అంతగా ఏమీ చేయదు. దానితో తుడిచిన తర్వాత సబ్బు నీళ్లతో కడగాలి.

పళ్ల పేస్టు సంగతి కూడా చెప్పాలి. అందులో గరుకు పొడి ఉంటుంది కాబట్టి అది కూడా ఒక రకం కాంపౌండే, కానీ ఆ గరుకు ఎంతో డబ్బా మీద రాయరు. కాంపౌండ్ కొనే డబ్బు ఉన్నవారు దాని జోలికి పోనవసరం లేదు.

మాట్ రంగు, అంటే మెరుపు లేని రంగు, ఉన్న బండ్లవారు ఎవరైనా ఈ చర్చ చదువుతూ ఉంటే, పై మాటలలో కాంపౌండ్, పాలిష్, మైనం అన్నవన్నీ మీకు వర్తించవు. మాట్ రంగు మీద రుద్దితే ఆ చోట మాత్రం మెరుపు వచ్చి, మరక కంటే వికారంగా ఉంటుంది, దాన్ని వెనక్కి తేవడానికి దారి లేదు.

చీమకుర్తి నుండి:

ఒక్క మాట చేర్చుతాను. మా వైపు గ్రానైటు క్వారీల దుమ్ము ప్రతి బండి మీదా పొరగా పేరుకుంటుంది. అది గట్టి రాతి పొడి. పొడి గుడ్డతో మరక తుడవబోతే ట్యాంకు మీద వేయి సన్న గీతలు పడి, మరక పోయినా ఎండలో సాలెగూడులాగా ఆ గీతలే కనిపిస్తాయి. ఏ పని మొదలుపెట్టే ముందైనా ధారగా నీళ్లు పోసి దుమ్ము జారిపోనివ్వాలి, రుద్దడం తర్వాత. ఆ నీళ్లు కూడా బోరు నీళ్లయితే ట్యాంకు మీద ఆరనివ్వకూడదు. పొదిలి, కనిగిరి ప్రాంతాల బోరు నీళ్లు ఆరితే మిగిలే తెల్లని చుక్కలను చాలామంది పెట్రోలు మరకలనుకొని కాంపౌండ్ రుద్దుతారు. కొంచెం వెనిగర్ కలిపిన నీళ్లతో తుడిచి, మంచి నీళ్లతో కడిగితే ఆ చుక్కలు పోతాయి.

పాతబండి:

అందరికీ ధన్యవాదాలు. రంగులషెడ్డు గారు చెప్పినట్లు సీటు కింద పరీక్ష చేశాను. దూదికి రంగు అంటలేదు, అద్దిన చోటు గట్టిగానే ఉన్నది. అందువల్ల ధైర్యం చేసి, ట్యాంకును నీళ్లతో కడిగి ఆరబెట్టిన తర్వాత సింగరాయకొండ సవారీ గారి ఆల్కహాల్ పద్ధతిని అనుసరించాను. మూత నుండి జారిన పసుపు చారలు దాదాపు పూర్తిగా పోయాయి. గుడ్డకు గోధుమ రంగు జిడ్డు అంటింది, అది ముట్టుకుంటే నూనెలాగా ఉన్నది. ఇంజనుకు నూనె అందించే ఆయిల్ పంపు పాడైనప్పటి నుండి మా మెకానిక్ దాన్ని తీసివేసి, 2టీ ఆయిల్‌ను (టూ స్ట్రోక్ ఇంజను నూనెను) నేరుగా పెట్రోలులోనే కలిపి పోయిస్తున్నాడు. ఆ నూనె కూడా మరకకు కారణమై ఉండవచ్చునా?

పోనిది స్పాంజి కింద ఉండిన పెద్ద మరక. ఆల్కహాల్‌కు గాని టర్పెంటైన్‌కు గాని అది కదలలేదు. గోరు ఆనించి చూస్తే ఎక్కడా తట్టడం లేదు, కానీ వేలు పెడితే మిగిలిన రంగు కంటే కొంచెం మెత్తగా అంటుకుంటున్నట్లు ఉన్నది. దాని అంచు సరిగ్గా కవరు కుట్టు గీత వెంబడే ఉన్నది.

రంగులషెడ్డు (నెల్లూరు):

రంగు అంటలేదంటే మీ ట్యాంకు 2కే అని నిశ్చయించవచ్చు, సగం కష్టం తీరింది. చారల సంగతి కూడా ఇప్పుడు స్పష్టమయింది. పెట్రోలు మాత్రమే అయితే ఒలికిన కాసేపటికే ఆవిరైపోతుంది, మిగిలేది అతి తక్కువ. 2టీ ఆయిల్ కలిసిన పెట్రోలు ఒలికితే పెట్రోలు పోయి నూనె అక్కడే నిలిచి, దారిన పోయే దుమ్మునంతా పట్టుకుంటుంది. మీరు తుడిచినది ఎక్కువ భాగం ఆ నూనెనే.

పెద్ద మరక మాత్రం పెట్రోలు ఒక్కటే చేసినది కాదని మీరు చెప్పిన గుర్తులను బట్టి నా అభిప్రాయం. రెక్సిన్ అంటే గుడ్డ మీద పూసిన పీవీసీ అనే ప్లాస్టిక్. పీవీసీ సహజంగా గట్టిది, దాన్ని మెత్తగా ఉంచడానికి నూనెలాంటి ప్లాస్టిసైజర్లు కలుపుతారు. ఎండ వేడికి అవి కొంచెం కొంచెంగా బయటికి వచ్చి, కింద ఆనుకొని ఉన్న రంగులోకి ఇంకుతాయి. దానికి తోడు మూత దగ్గర ఒలికిన పెట్రోలు స్పాంజిలో చేరి ఆవిరి కాకుండా రోజుల తరబడి రంగుకు ఆనుకొని ఉంటుంది. క్షణం తగిలి ఆరిపోయే పెట్రోలును తట్టుకొనే 2కే క్లియర్ కూడా, తడి స్పాంజి కింద నానితే ఉబ్బి మెత్తబడుతుంది. రంగు కాపాడాలని కుట్టించే ఈ కవర్ల వల్ల చెడిన ట్యాంకులు, కవరు లేక చెడిన ట్యాంకుల కంటే మా షెడ్డుకు ఎక్కువ వస్తాయి. ఒక కవరు తీస్తే లోపల తుప్పు పట్టి చిల్లు పడిన ట్యాంకు కూడా చూశాను, సముద్రపు గాలి తగిలే కావలి, కొత్తపట్నం వంటి ఊళ్లలో ఆ తేమ త్వరగా ఆరదు.

ఇప్పుడు చేయవలసినది ముందుగా ఏమీ చేయకుండా ఉండడం. మెత్తబడిన పొర మీద రుద్దితే అది చిరుగుతుంది. ట్యాంకును కవరు లేకుండా, గాలి ఆడే నీడలో కొన్ని వారాలు వదిలేయండి. లోపల చేరిన పెట్రోలు, తేలికపాటి పదార్థాలు బయటికి పోయి, పొర కొంతవరకు తిరిగి గట్టిపడుతుంది. వేలికి అంటుకొనే గుణం పోయాక, ఆ మరక అంచున బొటనవేలి గోరంత చోట సన్నని కాంపౌండ్‌తో ప్రయత్నించండి. రెండు విడతలకు తేడా కనిపిస్తే మిగిలిన భాగానికీ అదే చేయవచ్చు. తేడా రాకపోతే అక్కడితో ఆపండి. క్లియర్ పొర మొత్తం మందం 40, 50 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది, మన తలవెంట్రుక కంటే పలుచన. అందులో రంగు వరకు ఇంకిన మరకను రుద్ది తీయాలనుకుంటే మరక కంటే ముందు క్లియర్ పోతుంది. ముఖ్యంగా ట్యాంకు మడతల అంచుల మీద, మూత చుట్టూ ఉన్న గట్టు మీద పొర ఇంకా పలుచగా ఉంటుంది, అక్కడ చేతితో తప్ప మిషనుతో పాలిష్ చేయించవద్దు.

2000 నంబరు వాటర్ పేపర్ (నీళ్లు తడిపి రుద్దే సన్నని గరుకు కాగితం) వాడమని ఎవరైనా చెబుతారు. అది పనివారి చేతిలో మంచి సాధనమే. ఇంట్లో మొదటిసారి చేసేవారికి నేను చెప్పను.

రంగు వేయించక తప్పని పక్షంలో మరక ఉన్న భాగానికి మాత్రమే క్లియర్ కొట్టించకండి. మరక మీద క్లియర్ వేస్తే మరకను అద్దం కింద పెట్టి చూపించినట్లే అవుతుంది. పై భాగమంతా తీసి, ఆ ఎరుపు మళ్లీ కొట్టి, ట్యాంకు మొత్తానికి ఒకే విడతలో 2కే క్లియర్ వేయాలి. హార్డనర్‌లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి కాబట్టి ముక్కుకు గుడ్డ కట్టుకొని ఇంటి వరండాలో కొట్టే పని కాదు, తగిన మాస్కు ఉన్న షెడ్డులోనే జరగాలి. తెచ్చుకొన్న తర్వాత కనీసం ఒక నెల మైనం పూయవద్దు, పెట్రోలు ఒలకకుండా చూసుకోండి. తాకితే ఆరినట్లున్నా లోపల గట్టిపడడం ఇంకా సాగుతూనే ఉంటుంది.

ఉలవపాడు మాస్టారు:

మరక తీయడం గురించి తెలిసినవారు చెప్పారు, అది రావడం గురించి నేను కొంచెం రాస్తాను. మూతి అంచు దాకా పోయించే అలవాటే మూలమని పాతబండి గారు అనుమానించారు. అది సరైన అనుమానమే. లెక్క చూడండి. పెట్రోలు ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే దాదాపు వెయ్యింట ఒక వంతు పెరుగుతుంది. బంకులో పెట్రోలు భూమి లోపలి ట్యాంకులో ఉంటుంది కనుక మే నెలలో కూడా అంతగా వేడెక్కదు. దానిని పది లీటర్ల చొప్పున నిండుగా పోయించుకొని ఎండలో నిలిపితే, ఇనుప ట్యాంకులో మరో 20 డిగ్రీలు పెరగడం కష్టమేమీ కాదు. అప్పుడు 200 మిల్లీలీటర్ల దాకా పెట్రోలుకు ట్యాంకులో చోటు ఉండదు, అది మూత రబ్బరు పక్క నుండో, మూతలో గాలి కోసం ఉంచిన సన్న రంధ్రం నుండో బయటికి వస్తుంది. ఎడమ వైపుకే చారలు జారినవంటే సైడు స్టాండు మీద బండి ఎడమకు ఒరుగుతుంది కాబట్టి, అందులో వింత లేదు.

కాబట్టి మూతి గొట్టం మొదలయ్యే చోటికి రెండు వేళ్లు తక్కువగానే ఆపమని బంకులో ముందే చెప్పాలి. పెట్రోలు పోసే తుపాకీ తీసేటప్పుడు దాని కొన నుండి రాలే చుక్కలు ట్యాంకు మీద పడకుండా మూతి చుట్టూ ఒక గుడ్డ పట్టుకుంటే చాలు. పడితే రుద్దకుండా అద్ది తీసివేసి, ఇంటికి వచ్చాక నీళ్లతో కడగాలి.

మూత లోపలి రబ్బరు చూడండి. అంత పాత బండికి అది ఎండి గట్టిపడి, వేలితో నొక్కితే లొంగకుండా ఉంటుంది. పాత రకం రబ్బర్లలో కొన్ని ఇథనాల్ కలిసిన పెట్రోలుకు ఉబ్బి ఆకారం కోల్పోతాయి. కొత్త రబ్బరు చవక, దాన్ని మార్చకుండా ట్యాంకుకు ఎంత ఖరీదైన రంగు వేయించినా అనవసరం. గాలి రంధ్రం మూసుకొని పోయి ఉంటే సన్న తీగతో శుభ్రం చేయాలి. అది మూసుకుంటే ఎండలో లోపల ఒత్తిడి పెరిగి, మూత తెరవగానే పెట్రోలు చిమ్ముతుంది.

పాతబండి:

మాస్టారు గారూ, మూత రబ్బరు మీరు చెప్పినట్లే రాయిలా ఉన్నది, మార్చడానికి ఇచ్చాను. రంగులషెడ్డు గారి సలహా ప్రకారం ట్యాంకును ముట్టుకోకుండా వదిలేశాను. ఇంకొక్క సందేహం. ఎండాకాలంలో బండి ఆరుబయట నిలపవలసి వస్తుంది, కవరు లేకపోతే రంగు వెలిసిపోదా? లోపల మెత్తని గుడ్డ వేసి కొత్త కవరు కుట్టిస్తే సరిపోతుందా?

రంగులషెడ్డు (నెల్లూరు):

గుడ్డ వేసినా స్పాంజి వేసినా పెట్రోలును పట్టి ఉంచే గుణం మారదు. ఆరుబయట నిలిపేటప్పుడు బండి మొత్తాన్ని కప్పే నూలు కవరు వేసి, బండి తీసేటప్పుడు మడిచి పెట్టుకోండి. మూత చుట్టూ మాత్రమే రక్షణ కావాలనుకుంటే కార్లకు అంటించే పారదర్శకమైన పెయింటు ప్రొటెక్షన్ ఫిల్మ్‌ను ముక్కగా కత్తిరించి అంటించే దుకాణాలు ఒంగోలులోనూ, ఇక్కడ నెల్లూరులోనూ ఉన్నాయి. అది రంగు పూర్తిగా గట్టిపడిన తర్వాతనే అంటించాలి, దాని అంచు కిందికి పెట్రోలు పోతే వెంటనే ఊడదీసి కొత్తది వేయించుకోవాలి. వీలుంటే ఆయిల్ పంపు కూడా తిరిగి బిగించమని మెకానిక్‌ను అడగండి. పెట్రోలులో నూనె కలవనంత కాలం ఒలికిన చుక్క వల్ల ట్యాంకు మీద మిగిలేది చాలా తక్కువ.